ఉదయపు రొద వేట: సత్యనారాయణపురంలో 4 వారాల డైరీ

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి డాబా మీద 7 మెగాహెర్ట్జ్ బ్యాండు కోసం తిరగేసిన 'వి' ఆకారంలో కట్టిన డైపోల్ ఏంటెనా ఉంది. మధ్యలో ఒక ఇనుప గొట్టం, దానికి రెండు వైపులా సుమారు 10 మీటర్ల చొప్పున రాగి తీగ, అక్కడి నుంచి కింది గదిలోకి కోయాక్సియల్ కేబుల్. హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు తీసుకుని చాలా ఏళ్ళయినా, ఉద్యోగంలో పడి రేడియో సెట్టును అటక మీద పెట్టేశాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ నీళ్ళలో ఉన్నప్పుడు, అక్కడ కాపురముంటున్న మా చెల్లెలితో 2 రోజులు మాట కలవలేదు. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగు లేదు. ఆమె క్షేమంగా ఉందని తెలిసేదాకా మేము పడిన ఆందోళన వల్లనే నేను సెట్టును మళ్ళీ కిందికి దించి, 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచేటట్లు ఏర్పాటు చేసుకున్నాను.

అంత శ్రద్ధగా సిద్ధం చేసుకున్న స్టేషను 2025 అక్టోబరు చివరి నుంచి ఉదయం పూట వినడానికి పనికిరాకుండా పోయింది. సరిగ్గా హామ్ మిత్రులందరూ గాలిలోకి వచ్చే, అంటే రేడియోలో మాట్లాడుకునే, వేళకు 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ వరకు ఒకటే గరగర. వింటున్నవాళ్ళకు నా మాట చక్కగా చేరుతోంది, వాళ్ళ మాట మాత్రం నాకు వినపడటం లేదు. ఆపదలో ఎవరైనా బలహీనమైన సిగ్నల్‌తో పిలిస్తే వినలేని స్టేషను ఉండీ లేనట్లే గనుక, దీన్ని ఒక పనిగా పెట్టుకుని రోజువారీ రాసుకోవడం మొదలుపెట్టాను.

2025 నవంబరు 2, ఆదివారం

మొదట ఈ రొద రూపం ఏమిటో చూశాను. కంప్యూటరుకు తగిలించే చిన్న ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో పని చేసే రేడియో) రిసీవరులో, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత సిగ్నల్ ఉందో చూపిస్తూ పైనుంచి కిందికి జారే వాటర్‌ఫాల్ చిత్రంలో, మా బ్యాండు మీద మూడు లావుపాటి చారలు కనిపించాయి. వాటి మధ్య దూరం సుమారు 65 కిలోహెర్ట్జ్. బ్యాండు దాటి పైకీ కిందికీ వెళ్ళినా అదే దూరంలో అవే చారలు. రొద మొదలైన మొదటి 10 నిమిషాలు అవి మెల్లగా ఒక పక్కకు జరుగుతూ, తరువాత నిలకడగా నిలిచాయి.

ఈ లక్షణాలు చాలావరకు కారణాన్ని చెప్పేస్తాయి. ఈనాటి అడాప్టర్లు, చార్జర్లు, ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లు అన్నీ ఎస్‌ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లై) పద్ధతిలోనే పని చేస్తాయి. 230 వోల్టుల కరెంటును ముందు డీసీగా మార్చి, ఆ డీసీని సెకనుకు కొన్ని పదుల వేలసార్లు తెగగొట్టి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా తక్కువ వోల్టేజికి దింపుతాయి. తెగగొట్టే వేగం 65 కిలోహెర్ట్జ్ అయితే, దాని గుణిజాలన్నింటి దగ్గర, అంటే 130, 195, 260 అంటూ మెగాహెర్ట్జ్‌ల దాకా, ఎంతో కొంత శక్తి బయటికి పోతుంది. వస్తువు వేడెక్కేకొద్దీ ఆ వేగం కొద్దిగా మారుతుంది గనుకనే చారలు జరిగాయి. కాబట్టి నేను వెతకవలసింది ఒక అడాప్టరును, అది కూడా రోజంతా కాక కొన్ని వేళల్లో మాత్రమే బరువు మోసే అడాప్టరును.

సెట్టు మీటరు వచ్చే సిగ్నల్ బలాన్ని ఎస్ అంకెల్లో చూపిస్తుంది; రొద లేనప్పుడు ఎస్-5 చూపిస్తోంది, ఉన్నప్పుడు ఎస్-8.

నవంబరు 5, బుధవారం, కార్తీక పౌర్ణమి

ఊరంతా కృష్ణా స్నానాలకు వెళ్ళిన తెల్లవారుజామున, ఇతరులను అనుమానించే ముందు మా ఇంటిని పరీక్షించుకోవాలని నిశ్చయించుకుని, సెట్టును బ్యాటరీ మీద నడుపుతూ మెయిన్ స్విచ్ కట్టేశాను. ఆ వేళకు పెద్ద రొద ఇంకా మొదలు కాలేదు. మీటరు ఎస్-5 నుంచి ఎస్-3కి పడింది. రెండు ఎస్ అంకెలంటే 12 డెసిబెల్స్, అంటే శక్తిలో సుమారు 16 రెట్లు. అంత రొదను మా ఇల్లే పుట్టిస్తోందని ఆ క్షణం దాకా నాకు తెలియదు. నేను ఇన్నాళ్ళూ మామూలు స్థాయి అనుకున్న ఎస్-5 నిజానికి మామూలు కాదన్నమాట.

మెయిన్ వేసి, ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ వెతికితే రెండు దొరికాయి. వైఫై రూటరు అడాప్టరు ఒకటి, హాల్లో చవకగా కొన్న ఎల్‌ఈడీ ట్యూబులైటు రెండోది. రూటరుకు పాత ఇనుప కోర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 12 వోల్టుల అడాప్టరును, రెగ్యులేటరు కలిపి పెట్టాను. ట్యూబులైటు మార్చేశాను. అంతటితో కాక, ఏంటెనా కేబుల్ డాబా మీద మొదలయ్యే చోట దాన్ని ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ లాంటి పదార్థం) రింగు చుట్టూ 10 చుట్లు చుట్టి చోక్‌లా చేశాను. ఇంటి వైర్లలోని రొద కేబుల్ పైపొర వెంట పాకి ఏంటెనాలోకి చేరకుండా ఆపేది ఈ చోకే. చాలామంది ఏంటెనాకు పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి పెట్టరు. ఇక్కడే ఎక్కువ లాభం ఉందని నా అనుభవం.

6.25కు పెద్ద రొద మొదలైంది. మెయిన్ మళ్ళీ కట్టేసినా అది ఎస్-8 దగ్గరే నిలిచింది. అది మా ఇంటిది కాదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. ఎస్-3 నుంచి ఎస్-8 అంటే 30 డెసిబెల్స్, శక్తిలో 1000 రెట్లు.

నవంబరు 9, ఆదివారం

నాలుగు రోజుల వేళలు నోటుపుస్తకంలో ఉన్నాయి. ఉదయం 6.20కి కాస్త అటూ ఇటూగా మొదలై 40, 50 నిమిషాలు, మధ్యాహ్నం భోజనాల తరువాత ఒక అరగంట, రాత్రి 8 దాటాక మరో అరగంట. ఈ వేళలను పట్టుకుని ఇళ్ళలో ఉండే వస్తువులను ఒక్కొక్కటిగా ఆలోచించాను. గీజరు కాదు, అందులో ఉన్నది వేడెక్కే తీగ మాత్రమే. థర్మోస్టాటు తెగినప్పుడు ఒక టక్కుమనే శబ్దం తప్ప ఏమీ రాదు. నీళ్ళ మోటారు కాదు, ఇండక్షన్ మోటారులో తెగగొట్టే భాగం లేదు. మిక్సీలో బ్రష్షులు ఉంటాయి, రొద ఉంటుంది, కానీ 40 నిమిషాలు మిక్సీ తిప్పేవారు ఉండరు. పాత పద్ధతి ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరైతే సెకనుకు 100 సార్లు చొప్పున బర్రుమనే శబ్దం మీడియం వేవ్‌లోనే ఎక్కువగా వినిపించాలి, ఇలా 65 కిలోహెర్ట్జ్ దూరంలో చారలు రాకూడదు.

మీడియం వేవ్‌లో కూడా ఒకసారి చూశాను. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మనకు పక్కనే ఉన్న బలమైన ప్రసారం గనుక రొదను తొక్కిపెట్టి చక్కగా వినిపిస్తోంది. దూరం నుంచి వచ్చే హైదరాబాదు 738 మాత్రం ఆ 40 నిమిషాలూ పూర్తిగా మునిగిపోతోంది. మన రేడియో బాగానే ఉందని చాలామంది అనుకోవడానికి కారణం ఇదే. స్థానిక కేంద్రం వినిపిస్తే చాలనుకునేవారికి ఈ రొద ఉన్న సంగతే తెలియదు.

నవంబరు 12, బుధవారం

జేబులో పట్టే ట్రాన్సిస్టర్‌తో దిశ పట్టే ప్రయత్నం చేశాను. దాని లోపల ఉండే ఫెర్రైట్ కడ్డీ, రొద పుట్టే చోటికి అడ్డంగా ఉన్నప్పుడు ఎక్కువగానూ, కడ్డీ కొన దాని వైపు చూస్తున్నప్పుడు అతి తక్కువగానూ వింటుంది. ఎక్కువ వినిపించే దిశను పట్టడం కష్టం. తగ్గిపోయే దిశ మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. కేంద్రాలేవీ లేని ఖాళీ చోటుకు ముల్లు జరిపి, డాబా రెండు మూలల నుంచి ఆ దిశలు గీసుకుంటే, రెండు గీతలూ వీధి మలుపులోని కరెంటు స్తంభం దగ్గర కలిశాయి. స్తంభం కిందికి వెళ్ళి వింటే ట్రాన్సిస్టర్ చెవులు చిల్లులు పడేటంతగా అరిచింది. స్తంభం మీద ఎల్‌ఈడీ వీధి దీపం ఉంది. దోషి దొరికాడనుకున్నాను.

నవంబరు 14, శుక్రవారం

నిన్నంతా ఆ దీపం మీదే అనుమానంతో గడిపాను. అది పొరపాటు. వీధి దీపం 6 గంటల ప్రాంతంలోనే ఆరిపోతోంది, రొద ఆ తరువాత మొదలవుతోంది. నా పుస్తకంలో వేళలు రాసి ఉండి కూడా వాటిని పక్కన పెట్టి, చెవిని మాత్రమే నమ్మాను. అసలు జరుగుతున్నది వేరు: ఏదో ఇంట్లో పుట్టిన రొద ఆ ఇంటి సర్వీసు వైరు వెంట స్తంభం దాకా వచ్చి, అక్కడి పొడుగాటి తీగల నుంచి ప్రసరిస్తోంది. వస్తువు గుప్పెడంతే అయినా, దానికి ఏంటెనాగా పని చేస్తున్నది వీధి తీగలంతా. అందువల్ల గీతలు కలిసే చోటును నమ్మకుండా, ఒక్కొక్క ఇంటి సర్వీసు వైరు కింద నిలబడి పోల్చి చూడాలి. ఈ రోజు 6.40కి అలా చూస్తే, మా తూర్పు వైపు గోడను ఆనుకుని ఉన్న మాస్టారి ఇంటి వైరు దగ్గర మిగిలిన వాటికంటే స్పష్టంగా ఎక్కువగా ఉంది.

నవంబరు 16, ఆదివారం

ఈ రోజు రొద 9 గంటలకు మొదలై మధ్యాహ్నం 2 దాకా దాదాపు ఆగకుండా వచ్చింది. ఇన్నాళ్ళ పుస్తకంలో ఇలాంటి రోజు లేదు. మాస్టారి ఇంట్లో కార్తీక మాసపు సత్యనారాయణ వ్రతం. మా ఆవిడ వెళ్ళి ప్రసాదం తెస్తూ, వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందించలేక మాస్టారి భార్య పిన్నిగారు అవస్థ పడుతున్నారనీ, వంటింట్లో నీళ్ళ మిషను పొద్దుటి నుంచీ గుయ్యిమంటూనే ఉందనీ చెప్పింది.

ఆ మాట వినగానే పుస్తకం తెరిచి చూసుకున్నాను. ఉదయం కాఫీలకు, వంటకు నీళ్ళు పట్టుకున్నాక, మధ్యాహ్న భోజనాల తరువాత, రాత్రి భోజనాల తరువాత. ఆర్వో మిషను ట్యాంకు ఖాళీ అయినప్పుడు అందులోని పంపు నడుస్తుంది, నిండగానే ఫ్లోట్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. ఆ పంపు 24 వోల్టుల డీసీ మోటారు, దానికి కరెంటు ఇచ్చేది ఒక ఎస్‌ఎంపీఎస్ అడాప్టరు. ఆ మిషను అక్టోబరులో, దీపావళి ముందు కొన్నారని మా ఆవిడకు గుర్తుంది.

నవంబరు 17, సోమవారం

ఈ విషయం ఎలా చెప్పాలో రాత్రంతా ఆలోచించాను. రేడియో అంతరాయాలను పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వంలో వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ అనే విభాగం ఉంది, లైసెన్సు ఉన్నవారు అక్కడికి రాయవచ్చు. కానీ 20 ఏళ్ళుగా గోడకు గోడ ఆనుకుని ఉంటున్నవారి విషయంలో అది మొదటి మెట్టు కాకూడదని నా ఉద్దేశం. వారు చేసిన తప్పేమీ లేదు. మంచినీళ్ళ కోసం బజారులో దొరికే మిషను కొనుక్కున్నారు.

సాయంత్రం ట్రాన్సిస్టర్ ఒక్కటే పట్టుకుని వెళ్ళాను. మా ఇంట్లో దొరికిన రెండు వస్తువుల సంగతి ముందు చెప్పి, ఆ తరువాత 738 పెట్టి వినిపించాను. పిన్నిగారు ఒక బిందె నీళ్ళు పట్టేసరికి పంపు మొదలైంది, హైదరాబాదు మాయమైంది. ప్లగ్గు తీస్తే వచ్చింది, పెడితే పోయింది. ఒక్కసారి కాకతాళీయం కావచ్చు గనుక, మాస్టారి చేతనే మూడుసార్లు తీయించి పెట్టించాను.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాయనా?" అన్నారు పిన్నిగారు. ఆవిడ అసలు భయం వేరే: "మరి ఈ నీళ్ళు తాగొచ్చా? వాటికేమీ కాదు కదా?" నీళ్ళకు ఏ హానీ లేదనీ, వచ్చే రొదకు శరీరంతో సంబంధం లేదనీ, అడాప్టరులో అది బయటికి పోకుండా ఆపే భాగాలు సరిగా లేకపోవడమే కారణమనీ వివరించాను. మాస్టారు లెక్కల ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసినవారు. నా పుస్తకంలోని వేళల పట్టిక చూసి, "వ్రతం రోజు 5 గంటలూ పట్టుబడిందన్నమాట" అని, ఏం చేయాలన్నా చేయమన్నారు.

నవంబరు 18, మంగళవారం

మిషను వారంటీలో ఉంది. అడాప్టరు మూత తీయకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. వారంటీ పోవడం ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది, అందులోని పెద్ద కెపాసిటరు మీద సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలుస్తుంది. ఇతరుల ఇంట్లో, రోజూ తడి చేతులతో తిరిగే వంటింట్లో, నేను విప్పి మూసిన అడాప్టరు ఉండటం నాకు సమ్మతం కాదు.

బయటి నుంచే చేయగలిగింది ఉంది. రేడియో అంతరాయాలను అదుపు చేయడానికి అంతర్జాతీయంగా 1934లో ఏర్పడిన సిస్పర్ కమిటీ ప్రమాణాలు, కరెంటు వైరు ద్వారా 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు ఒక వస్తువు ఎంత రొద పంపవచ్చో పరిమితులు చెబుతాయి. ఆ పరిమితికి లోబడాలంటే అడాప్టరు ముందు భాగంలో ఒక చోక్, ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య ఎక్స్ తరగతి కెపాసిటరు, ఆ రెండింటి నుంచీ ఎర్తుకు వై తరగతి కెపాసిటర్లు సాధారణంగా అవసరమవుతాయి. చవక వస్తువుల్లో ముందుగా పెట్టకుండా మానేసేవి ఇవే. లోపల లేనిదాన్ని బయట అమర్చడమే నా పని.

మొదట, కేబుల్ మీద నొక్కి పెట్టే చిన్న ఫెర్రైట్ ముక్కలు రెండు తగిలించాను. మీటరు కదలలేదు. వైరు ఒక్కసారి మాత్రమే దూరిపోయే ఆ ముక్కలు టీవీ, ఎఫ్‌ఎం పౌనఃపున్యాల దగ్గర ఉపయోగపడతాయి గాని 7 మెగాహెర్ట్జ్ దగ్గర వాటి వల్ల ప్రయోజనం స్వల్పం.

నవంబరు 22, శనివారం

గవర్నర్‌పేటలో టీవీల మరమ్మతు చేసే ఒక పెద్దాయన దగ్గర పాత పిక్చర్ ట్యూబు టీవీల యోక్‌లు మూడు దొరికాయి. పిక్చర్ ట్యూబు మెడ చుట్టూ ఉండే యోక్‌లో రాగి చుట్లు తీసేస్తే, గరాటులాంటి పెద్ద ఫెర్రైట్ రింగు మిగులుతుంది. అది రెండు ముక్కలుగా విడిపోతుంది గనుక, ప్లగ్గు కోయకుండానే వైరును చుట్టి మళ్ళీ క్లిప్పు బిగించవచ్చు. ఈ పనికి దీనికంటే అనువైన వస్తువు మన ఊళ్ళో సులువుగా దొరకదు, పాత టీవీలు తుక్కుకు పోయే ముందే సేకరించుకోవడం మంచిది.

అడాప్టరు కరెంటు వైరును ఒక రింగు మీద 9 చుట్లు చుట్టాను. చుట్ల సంఖ్యకు వర్గంగా ఇండక్టెన్సు (మారే కరెంటును అడ్డుకునే గుణం) పెరుగుతుంది, కాబట్టి 9 చుట్లంటే ఒక చుట్టుకు 81 రెట్లు. అలాగని 20 చుట్టినా లాభం లేదు, చుట్ల మధ్య కెపాసిటెన్సు పెరిగి పై పౌనఃపున్యాలు దానిగుండా దాటిపోతాయి. మీటరు ఎస్-8 నుంచి ఎస్-6కి దిగింది. అడాప్టరు నుంచి మిషనుకు వెళ్ళే 24 వోల్టుల వైరు కూడా ఒక ఏంటెనాయే, పైగా పంపు మోటారు బ్రష్షుల చిటపటలు అందులోనే వస్తాయి. దాన్ని రెండో రింగు మీద 7 చుట్లు చుట్టగానే ఎస్-5 అయింది, చిటపట పోయింది. రింగులు అడాప్టరుకు, మిషనుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది; జానెడు వైరు మిగిలినా అక్కడి నుంచి రొద తప్పించుకుంటుంది.

నవంబరు 23, ఆదివారం

చివరి మెట్టు లైన్ ఫిల్టర్. ఇనుప డబ్బాలో సీలు చేసి వచ్చే తయారీ ఫిల్టరునే కొన్నాను. కెపాసిటర్లు విడిగా కొని కట్టుకోదలచినవారు వాటి మీద ఎక్స్2, వై2 అనే ముద్రలు చూసి మాత్రమే కొనాలి. మామూలు కెపాసిటరు లైనుకు అడ్డంగా పెడితే అది చెడిపోయినప్పుడు మంటలు రేగే ప్రమాదం ఉంది.

ఫిల్టరు బిగించే ముందు మాస్టారి వంటింటి సాకెట్టులో పెట్టి, డబ్బాకు టెస్టరు ఆనించాను. టెస్టరు వెలిగింది. వెంటనే తీసేశాను. వై కెపాసిటర్లు రెండూ డబ్బాకే కలిసి ఉంటాయి గనుక, ఎర్తు లేకపోతే డబ్బా మీద సుమారు 115 వోల్టులు తేలుతాయి. కరెంటు మిల్లీ ఆంపియరులో మూడో వంతు ప్రాంతంలోనే ఉన్నా, తడి చేతికి జిల్లుమంటుంది. సాకెట్టు విప్పి చూస్తే మూడో రంధ్రం వెనక వైరే లేదు. పక్కనున్న గ్రైండరు, ఫ్రిజ్జు కూడా ఆ సాకెట్ల మీదే నడుస్తున్నాయి. రేడియో సంగతి అలా ఉంచి, ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ ఇనుప వస్తువులు ఎర్తు లేకుండా ఉన్నాయన్న విషయం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది.

నవంబరు 29, శనివారం

మాస్టారు గురువారం ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఎర్తు గుంత నుంచి వంటింటి సాకెట్లన్నింటికీ వైరు లాగించారు. ఖర్చు నన్ను పెట్టనివ్వలేదు. "మా ఇంటి పని నాయనా ఇది, నీ రేడియో పని కాదు" అన్నారు.

ఈ సాయంత్రం టెస్టరుతో మళ్ళీ చూసి, డబ్బా వెలగడం లేదని తేల్చుకుని, ఫిల్టరును నీళ్ళు చిందని ఎత్తులో గోడకు బిగించాను. పంపు నడుస్తుండగా, మా గదిలో సెట్టు దగ్గర కూర్చున్న మా ఆవిడ కిటికీలోంచి మీటరు మూడున్నర అని చెప్పింది. వాటర్‌ఫాల్‌లో మూడు చారల్లో రెండు కనిపించడం లేదు. మూడోది తెలిసి వెతికేవారికి మాత్రమే సన్నని దారంలా ఉంది.

738 దగ్గర ఇంకా కొంచెం బర్రుమనే శబ్దం మిగిలింది. అది ఈ మిషనుది కాదు, పంపు ఆగినా వస్తోంది, వేళ కూడా వేరు. సెకనుకు 100 సార్లు అనిపించే ఆ శబ్దాన్ని బట్టి ఎవరిదో ఫ్యాను రెగ్యులేటరనుకుంటున్నాను. దానికి వేరే పుట తెరిచాను.

నవంబరు 30, ఆదివారం

ఉదయం 6.35. మాస్టారి వంటింట్లో పంపు నడుస్తోంది, గోడ అవతలి నుంచి దాని మోత నాకు చెవితోనే వినిపిస్తోంది. 7.1 దగ్గర మీటరు ఎస్-3. మిత్రుడొకరు 5 వాట్ల స్వల్ప శక్తితో పిలుస్తున్నాడు, ఒక్క మాట కూడా మళ్ళీ అడగకుండా రాసుకున్నాను.